దీపానికి ఎదురుగా పెట్టిన కన్ను

1991 జూలై ఎనిమిదవ తేదీ ఉదయం, జేబులో సొంత టెస్టరుతో మన సాంకేతిక కళాశాల ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో సహాయకులుగా చేరిన మాస్టారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. నియామక పత్రంలో ఏ పేరున్నా, మనందరికీ వారు ‘నీడ మాస్టారు’. చిటికెన వేలి గోరంత ఎల్‌డీఆర్‌ను మీటరుకు తగిలించి, పైన అరచేయి అడ్డుపెట్టి, ముల్లు కదిలితే గాని దానిని ఏ విద్యార్థి చేతికీ ఇవ్వకపోవడం వల్ల వచ్చిన బిరుదది. వెలుతురు పడితే కరెంటును సాఫీగా పోనిచ్చి, చీకటి పడితే అడ్డగించే ఆ చిన్న బిళ్ల మీద వారికి గల మమకారం జగద్విదితం.

తొలి పదేళ్లు పరికరాల మరమ్మతులకే అంకితమైన వారు, 2002లో ప్రయోగశాల బోధకులుగా పదోన్నతి పొందిన పిదప, మెట్ల కింది సామాన్ల కొట్టును హాబీ గదిగా తీర్చిదిద్దారు. మార్కులు రాని ఆ చదువుకు తమ సాయంత్రాలన్నీ ధారపోశారు. సొరుగు తెరిస్తే కూసే అలారం, పొద్దు వాలగానే తనంతట తానే వెలిగే దీపం అక్కడే పురుడు పోసుకున్నాయి.

2009లో ఆ గదికి గండం వచ్చింది. పాత రికార్డులు పెట్టడానికి చోటు చాలక, “వారంలో పనికొచ్చేది ఏదైనా చూపించండి మాస్టారూ, లేదంటే గది ఖాళీ చెయ్యాల్సిందే,” అన్నారు అప్పటి ప్రిన్సిపాల్. ముగ్గురు విద్యార్థులు రాత్రనక పగలనక శ్రమించి, చీకటి పడితే వెలిగి తెల్లారితే ఆరే వరండా దీపం తయారుచేశారు. పరీక్ష నాడు చీకటి కోసం కిటికీలు మూశారు. దీపం వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది.

“ఏంటి మాస్టారూ, దీపానికి కన్ను కొట్టడం నేర్పారా?” అని ప్రిన్సిపాల్ అనగానే అందరూ నవ్వారు. పిల్లల ముఖాలు పాలిపోయాయి. లోపం ఎక్కడుందో మాస్టారికి చూడగానే తెలిసింది. ఊరుకుంటే నింద పిల్లల మీదికి పోతుంది, నోరు విప్పితే గది పోవచ్చు. మాస్టారికి సిగ్గేసింది, భయమూ వేసింది. అయినా నీళ్లు నమల్లేదు.

“పిల్లల తప్పేం లేదండీ. ఎల్‌డీఆర్‌ని దీపం కిందే బిగించింది నేను. దీపం వెలగ్గానే తెల్లారిందనుకుని ఆర్పేస్తోంది, ఆరగానే చీకటి పడిందనుకుని వెలిగిస్తోంది. అలా పెట్టకూడదని ఏటా మొదటి రోజు చెప్పేది నేనే, మర్చిపోయిందీ నేనే.”

పెన్ను మూత కొస కోసి, ఆ బిళ్లకు గొట్టంలా తొడిగి, కిటికీ వైపు తిప్పారు. దీపం నిలకడగా వెలిగింది, కిటికీ తెరవగానే ఆరింది.

“దీపం సంగతి అలా ఉంచండి. పిల్లల ముందు తప్పు ఒప్పుకునే మాస్టారున్న గదిని పాత కాగితాలకిస్తే నాకు నిద్ర పట్టదు,” అన్నారు ప్రిన్సిపాల్.

ఆ ముగ్గురిలో ఒకరు నేడు మన శాఖలోనే ఉపన్యాసకురాలు. మొన్న గది తాళాలు అందుకుంటూ, “ఇంకేమైనా చెప్పాలా మాస్టారూ?” అని ఆమె అడిగితే, వారు చెప్పింది ఒక్కటే: “పని చెడితే ముందు నీ చెయ్యి చూసుకో అమ్మా, తర్వాతే పిల్లల చేతులు.”

మాస్టారి చూపు మసకబారకుండా, టంకం వేసే ఆ చేయి వణకకుండా, సతీసమేతంగా ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని, వారి వల్ల ఏనాడూ మాట పడని మేమంతా మనసారా కోరుకుంటున్నాము.