ఒర్తెన్సియా రవికలో పట్టుపురుగులు

ఒర్తెన్సియా అని ఒక పిల్ల ఉండేదంట. యాడంటారా, ఇటలీ దేశంలో ఆల్ప్స్ మంచుకొండల కింద పెద్ద సరస్సు ఉందంట, దాని ఒడ్డున. మన చర్చికొచ్చిన ఇటలీ ఫాదరు చెప్పినాడులే, నేనేమన్నా చూసినానా! ఆ సీమ పాతకాలం నుంచీ పట్టుకు పేరంట, మన మాదిరే మల్బరీ తోటలు, ఇంటింటా పట్టుపురుగులు. ఆ ఏడు ఏమైందంటే, మల్బరీ చిగురేసినా కొండల మీంచి చలిగాలి దిగి పురుగు గుడ్లు పగలల్యా. అవి పగలకపోతే ఇంట్లో ఏడాదంతా పస్తే. అప్పుడు వాళ్లమ్మ జుదిత్త గుడ్లన్నీ చిన్న గుడ్డసంచిలో పోసి కూతురి రవికలో పెట్టింది. "ఒంటి వేడికి పగుల్తాయి. ఎగరొద్దు, పరిగెత్తొద్దు, నలిగితే అంతా మన్నుపాలే" అనిందంట. నవ్వకండమ్మా, ఆ కాలంలో అక్కడి ఆడోళ్లు అట్లనే చేసేవాళ్లంట.

ఆ వారమే తిరునాళ్లొచ్చె. ఒడ్డంతా వాయిద్యాలు, వేయించిన చేపలు, మొక్కజొన్న సంకటి. ఒర్తెన్సియాకు వాయిద్యం వింటే కాలు నిలవదు, అట్లాంటిది కట్టె మాదిరి నిలబడిందంట. అంబ్రోజో అని పడవ నడిపే పిల్లోడు, ఆ పిల్లతో చిందెయ్యాలని చలికాలమంతా కాచుకున్నోడు, వచ్చి చెయ్యి చాపినాడు. "రాను" అనింది. "నేనంటే ఇష్టంల్యా?" "అది కాదు." "మరేంది?" ఏమని చెప్తాది పాపం! మళ్లీ అడిగె, మళ్లీ రాననె. వాడు మొగం మాడ్చుకొని పోయి పడవ తాడు విప్పుకున్నాడు. అవతలి ఒడ్డుకు పనికి పోతే మళ్లీ కోతలకు గానీ రాడు. పరిగెత్తి ఆపుదామంటే గుడ్లాయె, ఊరుకుందామంటే మనిషి పోయె. ఇంగ సిగ్గు వదిలేసి అరిచిందనుకో: "అంబ్రోజో! నా రవికలో పట్టుపురుగు గుడ్లున్నాయి! అందుకే ఎగరలేను!"

వాయిద్యాలు ఆగిపోయె. తిరునాళ్ల తిరునాళ్లంతా గొల్లున నవ్వె. అంబ్రోజో నోరు తెరుచుకొని పడవలోనే కూలబడె. అంతలో ఒర్తెన్సియా కితకితలు పెట్టినట్టు మెలికలు తిరిగిపోతా, "అమ్మా! పాకుతాండాయే! పాకుతాండాయే!" అనింది. జుదిత్త ఉరికొచ్చి కూతుర్ని పక్కకు లాగి సంచి తీసి చూస్తే, నల్లగా చీమల మాదిరి పిల్లపురుగులు, వేలకు వేలు! ఆడోళ్లంతా లేతాకు కొయ్యడానికి తోటలకు ఉరికిరి. జుదిత్త సంచిని పసిబిడ్డ మాదిరి పొదువుకొని, "ఇంగ పోవే, ఎగురుకో!" అనింది. అంబ్రోజో ఒడ్డుకు దూకి చెయ్యి చాపేలోపే ఆ పిల్లే వాని చెయ్యి గుంజుకొనింది. పొద్దు గుంకేదాకా ఎగిరిందంట, చెప్పు తెగినా ఆగల్యా.

ఆ ఏడు కోతలైనాక వాళ్లకు పెండ్లయింది. మేనత్తలు కుదిర్చిన సంబంధాలు చూసినా, పెద్దమనుషులు కుదిర్చినవీ చూసినా. పురుగులు కుదిర్చిన సంబంధం మాత్రం నేనైతే ఇదొక్కటే విన్నా.