‘రేపు టీచర్’ గారి నల్లబల్ల మూల

1991వ సంవత్సరం జూలై ఎనిమిదవ తేదీన మా పాఠశాలలో భౌతికశాస్త్ర ఉపాధ్యాయినిగా ప్రవేశించి, సుదీర్ఘ సేవానంతరం పదవీ విరమణ చేసిన మా సహోద్యోగినిని పిల్లలు మొదటినుంచీ ‘రేపు టీచర్’ అనే పిలుచుకుంటున్నారు. బద్ధకం వల్ల వచ్చిన పేరు కాదది. జవాబు తెలియని ప్రశ్న ఎదురైతే వారు ఆ మాట దాచకుండా చెప్పి, జవాబు రేపు చెప్తానని ప్రశ్నను నల్లబల్ల కుడిమూలన రాసి, చుట్టూ గీత గీసేవారు. జవాబు చెప్పేదాకా ఆ మూలను ఎవరూ తుడవరాదు. తర్వాతి పీరియడ్‌లో అదే బల్లమీద వృత్తాలు గీయవలసిన గణితోపాధ్యాయుణ్ణి నేను గనుక, ఈ ఆచారంతో నాకు ఏనాడూ పొసగలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

వారి ఉద్యోగం ఇంకా ఖాయం కాని రోజుల్లో, ఆ విషయం తేల్చవలసిన తనిఖీ అధికారి వచ్చి తరగతిలో వెనకబెంచీ మీద ఆసీనులయ్యారు. అద్దం కుడిఎడమలను తారుమారు చేస్తుంది కదా, మరి మనిషిని తలకిందులుగా ఎందుకు చూపదని ఒక విద్యార్థిని సరిగ్గా అప్పుడే అడిగింది. టీచర్‌గారు క్షణం ఆలోచించి, తనకు తెలియదని, రేపు చెప్తానని అన్నారు. విషయపరిజ్ఞానం అసంపూర్ణమని అధికారి నివేదించడంతో ఉద్యోగం ఖాయం కావడం ఏడాది వాయిదా పడింది. ప్రధానోపాధ్యాయులు తల పట్టుకున్నారు.

"ఏదో ఒకటి చెప్పి గట్టెక్కాల్సింది కదమ్మా."

"ఇవాళ ఏదో ఒకటి చెప్తే, నిన్నటిదాకా చెప్పినవి కూడా అలాంటివే అనుకుంటారు సార్. మళ్లీ నా మాట ఎవరు నమ్ముతారు?"

ఆ ప్రశ్న వచ్చిన మర్నాడే టీచర్‌గారు ఇంట్లోని నిలువుటద్దాన్ని ఆటోలో తెచ్చి, అద్దం మార్చేది కుడిఎడమలను కాదు, ముందువెనకలను అని పిల్లలనే దాని ఎదుట నిలబెట్టి నిరూపించారు. అద్దం బడిలోనే ఉండిపోవడంతో ఆ నెలంతా వారి ఇంటిల్లిపాదీ చేతి అద్దంలోనే ముఖం చూసుకున్నారని వారి శ్రీవారు నేటికీ వాపోతుంటారు.

క్రమేణా వారు పాఠం చెప్పే తరగతులు తక్కిన మాబోటివారికి కొరకరాని కొయ్యలైనాయి. ఒక సిద్ధాంతం చెబుతుండగా, ఇది మీకు తెలిసి చెప్తున్నారా, పుస్తకంలో ఉందని చెప్తున్నారా అని ఓ అమ్మాయి నన్ను మర్యాదగానే అడిగింది. ఒళ్లు మండింది. కాని టీచర్‌గారు తెలుసునన్న ప్రతి మాటనూ ఆ పిల్లలు మారుమాట లేకుండా ఎందుకు స్వీకరించేవారో, ఎందుకంత శ్రద్ధగా నేర్చేవారో నాకు బోధపడింది ఆనాడే.

ఈ వేసవి సెలవులకు ముందు, వారి చివరి పీరియడ్‌లో, కళ్లు మూసుకుంటే కనిపించే రంగులు ఎక్కడివని తొమ్మిదో తరగతి విద్యార్థిని అడిగింది. అలవాటు చొప్పున "రేపు చెప్తాను" అనేసి, మూలన రాసేశాక గాని వారికి గుర్తు రాలేదు, ఆ రేపు సెలవులకూ పదవీ విరమణకూ అవతల ఉందని. బడి తెరిచిన రోజున జరిగే ఈ వీడ్కోలు సభను కాస్త ముందుగా ముగించాలని, తనకు ఒక తరగతి ఉందని వారు నిర్వాహకులకు విన్నవించారు. ఆ ప్రశ్న రాసిన రోజున తర్వాతి పీరియడ్ ఎప్పటిలాగే నాది. మొట్టమొదటిసారి ఏ సణుగుడూ లేకుండా నా వృత్తాలను చిన్నవిగా గీసుకున్నాను.

మా టీచర్‌గారు భర్తాబిడ్డలతో సుఖశాంతులతో, సంపూర్ణారోగ్యంతో చిరకాలం జీవించాలని, తెలియనివి వారికి ఇంకా ఎన్నో మిగిలి ఉండాలని, వాటన్నిటికీ సరిపడినన్ని రేపులు వారికి దక్కాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.