ఎత్తైన చోటు

పసిఫిక్ సముద్రంలోని తువాలు దేశంలో ఒక చిన్న దీవి. సముద్రపు నీరు ఊరిన గుంటలోంచి కుళ్ళిన పులకా దుంపలు పీకుతోంది భార్య. పెద్ద దేశం వాళ్ళతో జరిగిన సభ నుంచి అప్పుడే వచ్చాడు భర్త.

“ఏమన్నారయ్యా?”

“శత్రువు నుంచి మనల్ని కాపాడతారట. వాడు ఎందాకా వచ్చాడని అడిగారు.”

“పోయిన వారం వాళ్ళ పోటీ దేశం వాళ్ళూ ఇదే అడిగారుగా!”

“పానాపా తాత ఉన్నమాట చెప్పాడు. మొన్న పున్నమికి మా వంటింట్లోకొచ్చి పొయ్యి ఆర్పేసి పోయాడన్నాడు.”

“సముద్రం సంగతేగా?”

“వాళ్ళకేం తెలుసు! ఎన్ని పడవల్లో వచ్చాడన్నారు. పడవలెందుకు, అడుగునుంచే వస్తాడన్నాడు తాత. అంతే, జలాంతర్గామి అనుకుని మొహాలు తెల్లబోయాయి.”

“నీ నోరేమైంది? గట్టుగోడ అడక్కపోయావా?”

“అడిగానే. గోడ తర్వాత చూద్దాం, ముందు రాడార్ పెడతామన్నారు. దానికి దీవిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు కావాలట.”

“మనకెక్కడుందయ్యా అంత ఎత్తు?”

భర్త ఇంటి పక్కకి చూశాడు.

“నీళ్ళు తగలకుండా ఏటేటా సిమెంటు పోసి ఎత్తు పెంచుతున్నాం కదే, మా అమ్మ సమాధి. రేపొచ్చి కొలుచుకుంటారట.”