నలభైకి యాభై ఆరు

జైలు గేటుకి ఎదురుగా బుల్లియ్య టీ కొట్టు. బల్ల మీద మహాలక్ష్మమ్మ సున్నుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ములాఖత్ కోసం కూర్చుంది, ఉప్పాడ నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చి. కొట్లాటలో మనిషి పోయిన కేసులో తమ్ముడు సురేంద్ర ఎనిమిదేళ్ళుగా లోపలున్నాడు. ముందుగా వదలాలంటే సైకాలజిస్టు రిపోర్టు కావాలన్నారు. వాడు సైకోపాత్ అని రాశారంటే ఇక ఆశ లేదు. ఆ గుబులే బుల్లియ్యకి చెప్పుకుంటోంది.

ఈ మధ్యే రిటైరైన వార్డరు వీరవెంకటసత్యనారాయణ గారు అక్కడే ఉన్నారు. ఊరుకుంటారా!

"సైకోపాత్ అంటే పిచ్చోడు కాదండోయ్. తియ్యగా మాట్లాడతాడు, తప్పు చేసినా అయ్యో అనుకోడు. దానికో పరీక్షుంది, ఇరవై ప్రశ్నలు, నలభై మార్కులు. ముప్పై దాటాడా, సైకోపాతే! ఓసారి సైకాలజిస్టు డాక్టరమ్మ గారు ఒకణ్ణి మంచోడని రాసేస్తుంటే, 'ఆగండమ్మా, వాడి నవ్వు కళ్ళదాకా రావట్లేదు' అన్నాన్నేను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ?" అన్నాడు బుల్లియ్య, టీ తిరగబోస్తూ.

"పెన్ను నా చేతికిచ్చేశారు! అప్పట్నుంచి మార్కులన్నీ నేనే. ప్రశ్నలెందుకండీ, దగ్గు వింటే చాలు. ఒకడికి నలభైకి యాభై ఆరేశాను!"

"నలభైకి యాభై ఆరేంటండీ?"

"వాడంతటోడు మరి! ఢిల్లీ డాక్టర్లు విమానంలో వచ్చి ఆ కాగితానికి దణ్ణాలెట్టారు. జడ్జి గారు తీర్పు సగంలో ఆపేసి నాకు ఫోను. 'ఉరా, యావజ్జీవమా, మీరే చెప్పండి' అని!"

మహాలక్ష్మమ్మకి భయం పట్టుకుంది. ఈయన్ని గేటు దగ్గర చూడని వారం లేదు. నిజంగా మార్కులు ఈయన చేతిలోవేనా? తనేదైనా అంటే తమ్ముడి బతుకు ఏమైపోతుందో!

"ఆ యాభై ఆరు మార్కులోడికి పుట్టి బుద్ధెరిగాక కన్నీళ్ళు లేవు. ఒక్క చూపు చూశానండీ! ఏడ్చాడూ... గదంతా మోకాళ్ళ లోతు! భీమవరం నుంచి రొయ్యల చెరువు మోటార్లు తెప్పించి మూడ్రోజులు తోడించాం. అడుగున పీతలు కూడా దొరికాయి!"

పీతల మాటతో ఆవిడ భయం ఎగిరిపోయింది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి దగ్గరా ఈ కోతలు!

"రేపు డాక్టరమ్మ గారు మా ఇంటికొచ్చి, మీ తమ్ముడెలాంటోడని అడుగుతారటండీ," అంది తీరిగ్గా. "ఆవిడతో, తప్పు చేసి అయ్యో అనుకోనోడు మావాడు కాదమ్మా, గేటు దగ్గర ఒకాయన ఉండేవారు, పది సున్నుండలు తెస్తే తనిఖీ అని విరిచి ఏడు తినేసి, 'నెయ్యి తక్కువైందమ్మా' అనేవారు అని చెప్తాను. మీ పేరూ చెప్తాను. మార్కులు మాత్రం మీరే వేసుకోండి."