సెలవులో టోకెన్ తీసుకున్న మంగరాజు గారు

2004 సెప్టెంబరు 12న శ్రీ మంగరాజు గారు మన బ్యాంకు షార్జా రోలా శాఖలో గుమాస్తాగా చేరారు. అంతకుముందు మూడేళ్లు ఒక చిన్న మనీ ఎక్స్ఛేంజిలో పనిచేశారు. అక్కడ యజమానికి కోపం వస్తే "ఖలాస్" అన్న ఒక్క మాటతో ఉద్యోగం పోయేది. పెద్ద బ్యాంకులో అంత సులువుగా పోదని సంతోషించిన ఆయనకు, ఇక్కడ మెచ్చుకోలు కూడా అంత సులువుగా రాదని త్వరలోనే తెలిసింది.

ఇరవై ఏళ్లలో తొమ్మిదిమంది మేనేజర్లు మారారు. రెండుసార్లు చేతిదాకా వచ్చిన పదోన్నతి ఆగిపోయింది. అయితే 2021లో ఆయన సతీమణి నాగదుర్గ గారికి గుండె శస్త్రచికిత్స జరిగినప్పుడు, బ్యాంకు ఇచ్చిన బీమా కార్డు చూపడం తప్ప ఆయన చేయవలసింది ఏమీ లేకపోయింది. "అప్పట్నుంచీ బ్యాంకుని తిడితే మా ఆవిడ ఊరుకోవట్లేదండీ" అని నవ్వుతారాయన.

ఏటా రెండు వారాలు ప్రతి ఉద్యోగీ తప్పనిసరిగా సెలవు పెట్టాలనీ, తన పనిని వేరొకరు తనిఖీ చేసే ఆ రోజుల్లో ఏ కాగితమూ ముట్టరాదనీ బ్యాంకు నిబంధన. 2022లో అలాంటి సెలవు నాలుగో రోజున, చిరునామా మార్పు నెపంతో మంగరాజు గారు శాఖకు వచ్చి, టోకెన్ తీసుకుని, ఖాతాదారుల మధ్య బుద్ధిగా కూర్చున్నారు.

"మంగరాజు భాయ్, సెలవులో ఉన్నారు కదా? యల్లా, ఇంటికి!" అన్నారు మేనేజర్ హబీబుల్లా గారు.

"సెలవు ఉద్యోగికి సార్, ఖాతాదారుడికి కాదు. నాది నలభై ఏడు."

ఇంతలో ఇళ్లలో పనిచేసే పేరమ్మ ఆయన్ని చూసింది. "అదేంటన్నయ్యగారూ, మీరు ఇటేపు కూచుంటే నా మాట ఆళ్లకి ఎవరు సెప్తారండీ? మిషను నా కార్డు మింగేసింది. రేపు విమానం ఎక్కాలి!"

ఆయన ఆగలేక ఆమె ఫారం నింపి ఇచ్చారు. తనిఖీలో దస్తూరి దొరికిపోయింది. ప్రధాన కార్యాలయం సంజాయిషీ అడిగింది. యాభై ఏడేళ్ల వయసులో ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. ఎప్పుడు పెట్టె సర్దాల్సి వస్తుందోనని, ఆ ఆరు వారాలు నాగదుర్గ గారు అరకిలోకు మించి ఏ పప్పూ కొననివ్వలేదు.

ఆయన జరిగింది జరిగినట్టే రాశారు. ఆయన మొహం ఎన్నడూ చూడని ముగ్గురు అధికారులు దాన్ని చదివి, హెచ్చరిక లేఖతో సరిపెట్టారు. దాని కిందే, రోలా శాఖలో తెలుగు తెలిసిన మరొకరిని నియమించాలని ఆదేశించారు. అలా అబుదాబి ముసఫ్ఫా శాఖ నుంచి బదిలీపై వచ్చినవారే మావారు ఐజక్ గారు. మొహం ఎరుగని చోట న్యాయం దొరకదనుకునే నాకు, ఈసారి ఎరగకపోవడం వల్లే దొరికిందనిపించింది. మంగరాజు గారు మాత్రం, "పద్దెనిమిదేళ్లలో హెడ్డాఫీసు నాకంటూ రాసిన ఉత్తరం ఇదొక్కటేనండీ" అని మావారికి సగర్వంగా చూపించారు.

గల్ఫ్‌లో తమ ఉద్యోగానికి చివరి రోజు ఏదో ముందుగా తెలిసేవారు తక్కువ. 2025 జూన్ 30న పదవీ విరమణ అని అందరికీ చెప్పుకుని, నవ్వుతూ లేచి వెళ్లగలగడం మంగరాజు గారు కష్టపడి దక్కించుకున్న గౌరవం. ఆ నవ్వు చెదరకుండా, నాగదుర్గ గారితో కలిసి, ఆయన ఆయురారోగ్యాలతో నూరేళ్లు వర్ధిల్లాలని మా అందరి మనఃపూర్వక ఆకాంక్ష.