టార్నీ దొర దాహం

బుందేల్‌ఖండ్‌లో ఒక పల్లె శివారు. తెల్లవాడు టార్నీ దొర సమాధి ముందు అత్త రామ్‌కలీ, బ్రాందీ సీసా పట్టుకుని కొత్త కోడలు సుఖియా. కాస్త దూరంలో సమాధి కావలి ముసలి ఝబ్బూ.

“పొయ్యవే. కొత్త కోడలు దొరకి మందు పోసి దణ్ణం పెట్టాలి. ఊరి ఆచారం.”

“పొయ్యను అత్తా. మా తాతని ఉరి తీసినవాడికి దణ్ణమా? థూ!”

“హుష్! ఝబ్బూ వింటాడు. వింటే మనకి పొలం కౌలుకిచ్చిన ఠాకూర్ చెవిన వేస్తాడు. మన పొలం ఊడుతుంది.”

“ఊడనీ.”

“ఊడితే ఏం తింటావే, మన్నా? గట్టిగా పొగుడు. నన్ను చూడు... ఆహా, టార్నీ దొరంటే దొరే! ఒక్క తూటాకి రెండు పులులు పడ్డాయి. మూడోది సిగ్గుతో తనే చచ్చింది!”

“ఛీ, ఏం నోరు అత్తా నీది! మా పుట్టింట్లో ఇంకోలా చెప్తారు. సిపాయిల తిరుగుబాటు అణచడానికి మీసం మొలవకముందే వచ్చాడట. దొరికినవాణ్ణల్లా వేపచెట్టుకి వేలాడదీసి, ఆ చెట్టు కిందే కుర్చీ వేయించుకుని కోడి తిన్నాడట.”

“తిన్నాడు. తినే పోయాడుగా.”

“యుద్ధంలో పోయాడంటారుగా?”

“యుద్ధమే. మండుటెండలో గంపెడు పుచ్చకాయలు మింగాడు. ఇక కడుపుతో యుద్ధం. చెంబు వదిలితే మంచం, మంచం వదిలితే చెంబు. ఆ కంపుకి వాడి గుర్రం తాడు తెంపుకుని ఝాన్సీ దాకా పారిపోయింది. ఈగలు కూడా ముక్కులు మూసుకున్నాయే!”

“అబ్బ, వాంతొస్తోంది! అలాంటివాడికా ఇంత మందు?”

“మందని ఎవరన్నారే?”

“మరి?”

“గేదె ఉచ్చ. పొద్దున్నే నేనే పట్టాను. మా అత్త నాకు నేర్పింది. ఈ ఊరి కోడళ్ళంతా ఇదే పోశారు. మగాళ్ళకి తెలీదు.”

“అత్తా! నువ్వు... నవ్వకు, నవ్వకు, నాకూ ఆగడం లేదు... ఇదిగో దొరా, తాగు! కడుపారా తాగు!”

“ఏమ్మా కొత్త కోడలా, అయిందా దణ్ణం? అడుగున ఈ కావలివాడి గుక్క ఉంచావా? రామ్‌కలీ ఇంటి సరుకు ఘాటే వేరు!”

“అయ్యో ఝబ్బూ బావా, పిల్లకి తెలీక అంతా—”

“ఉండత్తా. తాతా, మా తాత ఇల్లు దొరకి చూపించింది మీ నాన్నేనట కదా?”

“మరి! ఒక్క మీ ఇల్లేనా? చుట్టుపక్కల పల్లెలన్నీ దగ్గరుండి చూపించాడు. దొర ఉప్పు తిన్న ఇల్లమ్మా మాది.”

“అయితే నీకు గుక్కెడేం సరిపోతుంది తాతా? సగం సీసా ఉంచాను, కూర్చుని తాగు.”