జల్గాస్ తెచ్చిన సముద్రం

"ఆ కంప్యూటర్ కళ్లజోళ్ల పెట్టెలు విప్పింది నేనే. కావాలంటే యూనివర్సిటీలో ఎవర్నైనా అడగండి," అన్నాడు జల్గాస్, టీ గిన్నె కింద పెట్టి.

నుకుస్ ఊళ్లో బజారు వెనక తోలిబాయ్ టీ కొట్టులో కూచున్నాం. మా జల్గాస్ యూనివర్సిటీలో నీటి చదువుల విభాగంలో కంప్యూటర్ గది చూసుకుంటాడు. కోతలు మొదలెట్టాడంటే టీ చల్లారినా మేమెవరం లేవం.

"నీళ్ల పాఠాలకని తాష్కెంట్ నుంచి తెప్పించారు. తలకి తగిలించుకుంటే కాలవలూ లాకులూ పత్తి పొలాలూ అన్నీ కళ్ల ముందే. ప్రొఫెసర్లు కుస్తీ పట్టారు, వెలగలేదు. నేనొక్క మీట నొక్కా, అంతే! పుస్తకం తెరిస్తే నిద్రపోయే కుర్రాళ్లు లాకులెత్తడం, దించడం, ఎవరి పొలానికి ఎంత వదలాలో కొట్టుకు చావడం! గంట కొట్టినా కదిలితే ఒట్టు."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు తోలిబాయ్.

"ఆగు మావా, అసలుది ఇప్పుడొస్తోంది. అందులో ఏళ్లు తిప్పే మీట ఒకటుంది. ముందుకి తిప్పితే మన అరల్ సముద్రం ఎండిపోతుంది. పిల్లలకి నేర్పాల్సిన పాఠం అదే. నేనేం చేశానో తెలుసా? వెనక్కి తిప్పా, నా చిన్నప్పటి దాకా! మా ఊరు మొయ్‌నాక్ రేవులోకి నీళ్లు గలగలా వచ్చేశాయి. పిల్లలంతా ప్యాంట్లు పైకి మడిచారు. కళ్లజోళ్లు తీసి చూసుకుంటే మేజోళ్లు తడిసిపోయున్నాయి!"

"చెమటేమో," అన్నాడెవడో.

"చెమటలో చేపలుంటాయట్రా? డీన్ గారి సంచీలోంచి మోచెయ్యంత చేప దూకింది! ఆ పూట యూనివర్సిటీ మొత్తానికీ చేపల పులుసే. మర్నాడు మేడ మీద నీటికాకులు. ఆ మర్నాడు గదిలో అలలు! నీళ్లు మెట్లు దిగి మీ కొట్టు ముంచేస్తాయని తలుపుకి అడ్డంగా కూచుంది ఎవరనుకున్నారు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవ కూత! మా నాన్న పడవ! చిన్నప్పుడు ఆయన రేవుకొస్తూ తాడు విసిరితే పట్టుకునే పని నాదే కదా. సముద్రం వెనక్కి పోతుంటే దాని వెంటే, ఏడాదికేడాది ఇంకాస్త దూరం పోయి పోయి, ఒక ఏడు ఇక రానేలేదు చూడు, ఆయనే! విసిరాడు తాడు. ఒంటిచేత్తో అందుకుని బల్లకాలికి కట్టేశా!"

అందరం పగలబడి నవ్వాం. సర్సెన్‌బాయ్ నవ్వలేదు. అతనిదీ మొయ్‌నాకే. ఇద్దరూ ఒకే రేవులో ఆడుకున్నవాళ్లు.

"రేపు ఆ కళ్లజోళ్లు తిరిగి పంపేస్తున్నారటగా," అన్నాడు.

"పంపుకోమను. నేను తాడు విప్పితేగా!"

"జల్గాస్, మా అమ్మాయి ఐజాదా చదివేది మీ విభాగంలోనే. మర్చిపోయిన కోటు కోసం నిన్న సాయంత్రం వెనక్కొచ్చిందట. ఖాళీ గదిలో ఆ కళ్లజోడు పెట్టుకుని, రెండు చేతులూ చాపి నిలబడున్నావట. పిలిచినా వినలేదట. గుమ్మంలోనే ఏడ్చి, కోటు తీసుకోకుండానే వచ్చేసింది పిల్ల."

ఇందాక నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

"తాడు అందిందా?" అనడిగాడు సర్సెన్‌బాయ్, మెల్లగా.

జల్గాస్ తన అరచేతులు చూసుకున్నాడు. ఇంకో కోత కోస్తాడనుకున్నాం. కొయ్యాలనే కోరుకున్నాం.

"నీళ్లున్నాయి బావా. రేవుంది. పడవలు కూడా ఉన్నాయి. మనుషుల్ని పెట్టలేదు అది తయారుచేసినవాళ్లు," అన్నాడు.

తన కోటు భుజాన వేసుకుని లేచాడు.

"పెట్టెలు కట్టేది కూడా నేనేగా. కట్టేముందు ఇంకొక్కసారి చూస్తా."